నల్ల మెట్ల మీద లాహిరి

సామజవరగమన ఎవరి పాట? నాగోల్‌లో ఏ బడికైనా వెళ్లి ఆరో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. 'బన్నీ పాట' అని ముందు బెంచీలోంచే జవాబు వస్తుంది. 2020 సంక్రాంతికి 'అల వైకుంఠపురములో' వచ్చినప్పుడు వీళ్లు ఇంకా పలక పట్టే వయసులో ఉన్నారు. తమన్ బాణీ, సిద్ శ్రీరామ్ గొంతు అప్పటినుంచీ చెవుల్లో ఉండిపోయాయి. సాయంత్రం గేటు దగ్గర మనవల కోసం నిలబడే నానమ్మల్ని అడిగితే 'శంకరాభరణం' అంటారు. కచేరీలు వినే అలవాటున్న తాతయ్య ఎవరైనా ఉంటే అది త్యాగరాజ కృతి, రాగం హిందోళం, ఆది తాళం అని సవరిస్తారు. ఎవరి జవాబూ తప్పు కాదు. తెలుగు పిల్లలకు సంగీతం చెప్పాలనుకునే టీచరుకు ఇంతకన్నా మంచి మొదటి ప్రశ్న దొరకదు. ఆ ప్రశ్న అడగడానికి టైంటేబుల్లో పీరియడ్ ఉందా అంటారా, అక్కడే ఉంది చిక్కు.

మెట్రో బ్లూ లైన్ నాగోల్‌లో మొదలవుతుంది, రెడ్ లైన్ ఎల్బీనగర్‌లో. ఈ రెండు కొసల మధ్య కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్. నల్లగొండ, సూర్యాపేటల నుంచి విజయవాడ రోడ్డు మీదుగా వచ్చిన కుటుంబాలు మొదట దిగేది ఎల్బీనగర్ చౌరస్తాలో, చాలామంది స్థిరపడేదీ ఆ చుట్టుపక్కలే. తల పైకెత్తితే బోర్డులు. ఐఐటీ ఫౌండేషన్, నీట్, ఒలింపియాడ్, పోటీ పరీక్షలు. వాటి పైన మూడో అంతస్తులో, ఎండకు రంగు వెలిసిన ఫ్లెక్సీ మీద 'కర్ణాటక గాత్రం, కూచిపూడి, కీబోర్డు, గిటార్' అని చిన్నక్షరాల్లో కనిపిస్తుంది. ఈ ప్రాంతం చదువులో సంగీతం స్థానం ఎక్కడో ఆ ఫ్లెక్సీ ఉన్న ఎత్తే చెబుతుంది.

బడిలో పాట లేదని కాదు. నవంబరు దాటితే ఏ స్కూలు ముందు నుంచి నడిచినా స్పీకర్ల మోతే. వార్షికోత్సవం రిహార్సల్స్. కానీ అక్కడ పిల్లలు పాడరు. ట్రాక్ పాడుతుంది, పిల్లలు దానికి అడుగులు వేస్తారు. డ్యాన్స్ మాస్టారు బయటినుంచి వస్తారు, కాస్ట్యూములు అద్దెకు వస్తాయి, పాట ఫోన్లోంచి వస్తుంది. సినిమా పాటను బడి ఇంత ధారాళంగా వాడుకుంటూ కూడా దానితో ఒక్క స్వరం నేర్పకపోవడం నాకు వింతగా ఉంటుంది. కొందరు పెద్దలు సినిమా పాట బడిలోకి రావడమే అపచారం అంటారు. వాళ్లకు తెలియనిదేమిటంటే, అది ఎప్పుడో వచ్చేసింది. స్టేజీ మీదికి వచ్చింది, క్లాసులోకే రాలేదు.

చార్టు ముక్క కింద తెల్ల మెట్లు

నాగోల్ దగ్గరి ఒక ప్రైవేటు స్కూల్లో వారానికి రెండు రోజులు పాటలు నేర్పే మేడం క్లాసుకు వెళ్లాను. పేరు రాయొద్దన్నారు. రాంకోఠిలోని త్యాగరాయ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో చదువుకున్నారు. 1952లో పెట్టిన కాలేజీ అది. నగరంలో సంగీతం చెప్పే చాలామంది సర్టిఫికెట్లు అక్కడివే. ఆమె దగ్గర ఉన్నది పాత కీబోర్డు ఒకటి. ఒక మీట పైన ప్లాస్టిక్ ఊడిపోయింది. తెల్ల మెట్లన్నీ మూసుకుపోయేలా చార్టు కాగితం ముక్కొకటి కత్తిరించి అతికించారు. పైకి కనిపించేవి నల్లవి మాత్రమే.

"తెల్లవి ముట్టొద్దు. నల్లవాటి మీద నీ ఇష్టమొచ్చినట్టు వాయించు నానా."

"తప్పు పోతే మేడం?"

"పోదు. వాయించి చూడు."

పిల్లాడు భయపడుతూ రెండు వేళ్లతో అటూ ఇటూ నొక్కాడు. ఆమె ఫోన్లో తంబూరా యాప్ పెట్టి నాలుగున్నర శ్రుతి నడిపించారు. మూడు నల్ల మెట్లు గుంపుగా ఉన్నచోట మొదటిది 'స' అయింది. వాడు ఏది నొక్కినా ఏదో పాటలాగే వినిపించడం మొదలైంది. వెనక బెంచీల వాళ్లు లేచి ముందుకొచ్చారు. అప్పుడు ఆమె 'మాయాబజార్'లోని లాహిరి లాహిరి పాట వినిపించారు. 1957 నాటి సినిమా, 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు కాబట్టి ఈ పిల్లల్లో సగం మంది టీవీలో చూసినవాళ్లే. పాట ఎత్తుగడను వెతకమన్నారు. మధ్యమం, నిషాదం లేని ఐదు స్వరాలు, మోహన రాగం. ఒకమ్మాయికి నాలుగో ప్రయత్నంలో దొరికింది. దొరకగానే కీబోర్డు వదిలి చప్పట్లు కొట్టింది. మిగతా పాట సంగతి తనకు అక్కర్లేనట్టు.

అసలు పాఠం ఆ తర్వాత. మేడం తంబూరా శ్రుతిని ఐదున్నరకు జరిపారు. 'స' ఇప్పుడు పక్క నల్ల మెట్టు. మెట్లు అవే, చార్టు ముక్క అలాగే ఉంది. కానీ ఈసారి వచ్చింది మధ్యమావతి. 'శంకరాభరణం'లో శంకరా నాదశరీరాపరా పాట వినిపించి, దాని ఎత్తుగడ వెతకమన్నారు. తర్వాత శ్రుతి ఆరున్నర. మూడో నల్ల మెట్టు 'స'. ఇప్పుడు హిందోళం. రిషభం, పంచమం లేవు. త్యాగరాజ కృతి సామజవరగమన మొదటి వాక్యం, ఆ వెంటనే 'శంకరాభరణం'లో బాలు, జానకి పాడిన సామజవరగమన.

"అయ్, మెట్లు అవే గదా మేడం!"

"మెట్లు అవే రా. 'స' ఎక్కడ పెట్టుకున్నవో చూడు."

బోర్డు మీద గ్రహభేదం అని రాసింది అప్పుడే. సంగీత విద్యార్థులకు కొన్నేళ్ల సాధన తర్వాత గానీ చెప్పని అంశం అది. మిగిలిన రెండు నల్ల మెట్లను 'స' చేసుకుంటే శుద్ధ సావేరి, శుద్ధ ధన్యాసి వస్తాయి. ఆ రెండూ ఇంటి దగ్గర వెతుక్కోమన్నారు. ఒకమ్మాయి ఊరుకోలేదు. "మరి బన్నీ పాట గూడ నల్లవాటి మీదనే వస్తదా?" అంది. మేడం తెలుసనీ అనలేదు, తెలియదనీ అనలేదు. చార్టు ముక్క తీసేసి, "వెతికి నువ్వే చెప్పు, వచ్చే వారం" అన్నారు.

అరగంటలో మూడు రాగాలా, ఇది సంగీతమేనా అని గురువులు పెదవి విరుస్తారని తెలుసు. గమకం లేని స్వరం రాగం కాదు, ఐదు మీటలు నొక్కితే హిందోళం రాదు అన్నది సరైన అభ్యంతరమే. కీబోర్డు మీట గాంధారాన్ని ఊపలేదు. అందుకే మేడం ప్రతిసారీ మీట నొక్కించాక గొంతుతో అనిపించారు. పిల్లలు అన్నదాంట్లో శ్రుతి అటూ ఇటూ పోయింది. కానీ ఎక్కడ పోయిందో వాళ్లకే తెలిసింది. చెవికి తెలియడం ముందు జరిగితే, గొంతు మెల్లగా దారికొస్తుంది.

మన పాఠాల వరస ఇందుకు తలకిందులుగా ఉంటుంది. పురందరదాసు వేసిన బాట అది. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, మలహరి గీతాలు, స్వరజతి, వర్ణం. గొంతును సాపు చేయడానికి అంతకన్నా గట్టి పద్ధతి ఎవరూ కనిపెట్టలేదు. నేనైతే దాన్ని తీసేయమనను. కానీ వారానికి నలభై నిమిషాల పీరియడ్, క్లాసులో యాభై మంది. జంట స్వరాలు దాటేలోపు ఏడో తరగతి వచ్చేస్తుంది, ఏడో తరగతిలో ఆ పీరియడ్ లెక్కలకు పోతుంది. ఇంటి దగ్గర ట్యూషన్‌లో కూర్చునే పదిమందికి సరళీ స్వరాలు సరే. యాభై మందిలో మిగతా నలభై మందికి సంగీతం అంటే ఏమిటో ఎవరు చెప్పాలి?

దీక్షితులకు బ్యాండు పాట

జనం నోట ఉన్న బాణీని పట్టుకుని పాఠం చెప్పడం ఇప్పటి కనిపెట్టుడు కాదు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు వైపు ఉన్నప్పుడు ఇంగ్లీషువాళ్ల బ్యాండ్ల పాటలు విన్నారు. ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. వాటినే నోటు స్వరాలంటాం. బ్రిటిష్ రాజుగారి ప్రార్థనాగీతం బాణీలో ఆయన శ్యామలాదేవిని కీర్తించారు. ఈ రోజుకీ చిన్నపిల్లలకు తొలి పాఠాలుగా నోటు స్వరాలు చెప్పే గురువులున్నారు. రెండు వందల ఏళ్ల కిందటి పాప్ సంగీతం అది, కాకపోతే ఇప్పుడు దానికి సంప్రదాయం ముద్ర పడింది. త్యాగరాజు దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడా పదిమంది కలిసి పాడుకోవడానికి వీలైన సులువు నడకల్లో ఉంటాయి. ఆయనకు శిష్యులతో పాటు ఊరివాళ్లూ కావలసి వచ్చారు.

సినిమావాళ్లు ఈ పాఠాన్ని నేరుగా తెరమీదే చెప్పారు. బాలచందర్ 'సింధు భైరవి' (1985) తెలుగులోకి డబ్ అయి వచ్చింది. అందులో శాస్త్రీయ గాయకుడి ముందు సుహాసిని పాత్ర ఒక పల్లె పాట ఎత్తుకుంటుంది. పాడుతూ పాడుతూ దాన్ని త్యాగరాజు మరి మరి నిన్నే కృతిలోకి తీసుకుపోతుంది. ఆ కృతి కాంభోజిలోది. ఇళయరాజా దాన్ని సారమతిలోకి మార్చి, పల్లె పాటతో కలిపేశారు. చిత్రకు జాతీయ అవార్డు తెచ్చిన పాట. ఆ మార్పును తప్పుబట్టినవాళ్లూ ఉన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ ఐదారు నిమిషాలు రెండుసార్లు చూపించి, ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలైందో చెప్పమంటే చాలు. ఒక పీరియడ్ సరిపోదు.

బాలు సంగతి మరీ విడ్డూరం. కర్ణాటక సంగీతం పద్ధతిగా నేర్చుకోని గాయకుడు 'శంకరాభరణం' శంకరశాస్త్రికి గొంతయ్యాడు. కె.వి.మహదేవన్ బాణీలను ఆయన సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చుని, ముక్కముక్కగా విని పట్టుకున్నాడు. ఆ సినిమాకు ఉత్తమ గాయకుడిగా జాతీయ అవార్డు. 1996లో మొదలైన ఈటీవీ 'పాడుతా తీయగా'ను నడుపుతూ ఆయన చేసిందీ అదే పని. పిల్లలు పాడిన సినిమా పాటలో ఏ సంగతి జారిందో, ఏ అక్షరం ఒత్తు పోయిందో, ఆ బాణీ కట్టినాయన ఏమాలోచించి ఉంటాడో విప్పి చెప్పారు. ఆ కార్యక్రమం చూసి పెరిగిన తరం ఇప్పుడు తల్లిదండ్రుల వయసులో ఉంది. దాన్ని పోటీ అన్నారు గానీ, తెలుగు ఇళ్లలో సాగిన అతిపెద్ద సంగీతం క్లాసు అదే.

విని పట్టుకోవడమే పద్ధతిగా బడిలోకి తెచ్చినవాళ్లు ఇంగ్లండులో ఉన్నారు. లండన్ విశ్వవిద్యాలయం ఆచార్యురాలు లూసీ గ్రీన్ 2001లో పాప్ సంగీతకారులు ఎలా నేర్చుకుంటారన్న దానిమీద పుస్తకం రాశారు. తమకు నచ్చిన పాట ఎంచుకుంటారు, రికార్డు విని అనుకరిస్తారు, స్నేహితులతో కలిసి కుస్తీ పడతారు, వరస లేకుండా నేర్చుకుంటారు. ఆ తీరునే తరగతి గదిలో ప్రయత్నించి 2008లో ఇంకో పుస్తకం తెచ్చారు. మన బ్యాండు మేళాలవాళ్లు, పెళ్లి ఆర్కెస్ట్రాలవాళ్లు ఎప్పుడూ నేర్చుకున్నది ఇలాగే, టేపు వెనక్కి తిప్పి తిప్పి. వాళ్ల పద్ధతిని పాఠంగా రాసుకోవాలన్న ఆలోచన మనకు రాలేదు.

తీన్‌మార్ తెలిసిన చేతులు

స్వరం కన్నా లయ తేలిక. సంగీతం టీచరు లేని బడిలో కూడా. 'నాటు నాటు' 2023 మార్చిలో ఆస్కార్ తెచ్చుకున్నాక దాని స్టెప్పు గురించి మాట్లాడినంత దాని లెక్క గురించి మాట్లాడలేదు. కీరవాణి స్వయంగా చెప్పినట్టు అది ఆరు బై ఎనిమిది నడక. మన మాటల్లో తకిట తకిట, తిస్రం. బోనాలకు, వినాయక నిమజ్జనానికి తీన్‌మార్ విన్న హైదరాబాదు పిల్లలకు ఆ ఊపు చేతుల్లోనే ఉంటుంది. సగం క్లాసు బెంచీ మీద తకిట వేస్తూ ఉంటే, మిగతా సగాన్ని తకధిమి వేయమంటే గందరగోళమవుతుంది. అక్కడే మూడుకూ నాలుగుకూ తేడా పట్టుబడుతుంది. ప్రిన్సిపాల్ గది దూరంగా ఉంటే మంచిది.

ఈ పనికి తెలుగు మాస్టారు చాలు. గురువులు, లఘువులు బోర్డు మీద గీసి మాత్రలు లెక్కపెట్టించేది ఆయనే కదా. గురజాడ ముత్యాలసరాల నడక మూడూ నాలుగూ, అంటే తకిట తకధిమి. మిశ్రగతి. పుస్తకంలో అది ఛందస్సు ప్రశ్న, రెండు మార్కులు. దాన్ని బెంచీ మీద వేయించి, అదే నడకలో ఉన్న సినిమా పాట ఒకటి పట్టుకురమ్మంటే, పిల్లలు రాత్రంతా వెతుకుతారు. సైన్సు మేడంకూ పని ఉంది. తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం చెప్పేటప్పుడు కింది 'స' కంపనాలు 240 అయితే పై 'స' 480 అని కీబోర్డు మీద వినిపిస్తే, పౌనఃపున్యం అన్న మాట పిల్లలకు భయంగా ఉండదు.

ఈ ప్రాంతపు బడులకు ఇంకో సొత్తుంది. క్లాసులో సగం మంది అమ్మమ్మ ఊరు నల్లగొండ వైపే. 'శంకరాభరణం' వచ్చిన రోజుల్లోనే గౌతమ్ ఘోష్ 'మా భూమి' వచ్చింది. అందులో గద్దర్ పాడిన బండెనక బండి కట్టి పాట, సుద్దాల హనుమంతు రాసిన పల్లెటూరి పిల్లగాడా పాట సాయుధ పోరాట కాలానివి. ఒకరు ఎత్తుకోవడం, పదిమంది వంత పాడటం. శంకరాభరణానికి కావలసిన గొంతు వేరు, దీనికి కావలసిన గొంతు వేరు. రెండోది సంగీతం కాదని అనుకునే పిల్లాడికి సంగీతం సగమే తెలిసినట్టు. ఈ మధ్య 'బలగం' (2023) చివర బుడగ జంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాడిన పాట విని థియేటర్లో ఏడ్చిన పిల్లలను చూశాం. 'భీమ్లా నాయక్' టైటిల్ పాట ఎత్తుగడలో వినిపించే కిన్నెర దర్శనం మొగులయ్యది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర అంటే ఏమిటో, ఆ బుర్రలు సొరకాయలవని చూపించడానికి పవన్ కల్యాణ్ సినిమా కన్నా మంచి సాకు దొరకదు.

సినిమా జానపదాన్ని తీసుకుని, పాడినవాళ్లను మరిచిపోయిన సందర్భాలూ తక్కువేం కాదు. ఈ బాణీ మొదట ఎవరిది, డబ్బు ఎవరికి వెళ్లింది అని పిల్లలు అడగడమూ పాఠంలో భాగమే. పెద్దలకు ఆ ప్రశ్న అంత ఇష్టముండదు.

మాటల బెడద

అభ్యంతరాల్లో గట్టిది సాహిత్యం. పిల్లలకు నోటికొచ్చిన పాటల్లో కొన్ని క్లాసులో పాడించే రకం కావు. పిల్లలు ఎలాగూ పాడుతున్నారు కదా అనడం జవాబు కాదు. మేడం చేసే ఉపాయం నాకు నచ్చింది. అలాంటి పాట ఎవరైనా తెస్తే మాటలు తీసేసి స్వరాలు మాత్రమే రాయిస్తారు. "బాణీకి ఏ పాపం తెలియదు" అంటారు. స్వరాలు రాయడానికి పాటను పదిసార్లు ఆపి ఆపి వినాలి. ఆరోసారికి పిల్లలకు ఆ పాట మీద మోజు పోతుంది, స్వరం మీద మొదలవుతుంది.

రెండోది ట్రాక్. కరవోకే మీద పాడే పిల్లలు మరొకరి శ్రుతికి తమ గొంతును లాక్కుంటారు. సినిమా గాయకుడి ఎత్తు పన్నెండేళ్ల గొంతుకు అందదు. పైగా ఇప్పటి రికార్డింగుల్లో శ్రుతిని కంప్యూటరు సరిచేస్తుంది. ఆ నున్నదనాన్ని చెవి అలవాటు చేసుకుంటే, పక్కనున్న స్నేహితుడి గొంతు మోటుగా వినిపిస్తుంది. అందుకని ట్రాక్ వినడానికి సరే, పాడటానికి మాత్రం తంబూరా యాప్, రెండు చేతులు.

కాపీరైటు భయం పెట్టుకున్న స్కూళ్లూ ఉన్నాయి. అది అక్కర్లేదు. బోధనలో భాగంగా వాడుకోవడానికి, టీచర్లూ విద్యార్థులూ తల్లిదండ్రుల ముందు పాడుకోవడానికి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. ఆ వీడియోను స్కూలు ప్రచారానికి యూట్యూబులో పెట్టినప్పుడే తగవు మొదలవుతుంది.

కాగితం మీద ప్రభుత్వం కూడా అనుకూలమే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు నేర్పాలంది. 2020 విద్యావిధానమూ అదే మాట అంది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి 'కృతి' పేరుతో చిత్రలేఖనం, సంగీతం, నాట్యం, నాటకం కలిపి పుస్తకం తెచ్చింది. 2023లో తెలంగాణ గురుకులాలకు చేపట్టిన నియామకాల్లో సంగీతం టీచర్లూ ఉన్నారు. ప్రైవేటు బడుల్లో మాత్రం పుస్తకం వస్తుంది, టీచరు రారు.

తల్లిదండ్రుల సంగతి మేడం నవ్వుతూ చెప్పారు. సాయంత్రం ఇంట్లో నేర్పేవాళ్ల దగ్గరికొచ్చి "ఇంకెన్నాళ్లు మేడం సరిగమలు, పాట ఎప్పుడు?" అని అడిగేవాళ్లే, స్కూల్లో పాట నేర్పితే "సినిమా పాటలకా ఫీజు కట్టింది?" అంటారట.

ఈ విడత పిల్లలు తెచ్చిన పాటల జాబితా ఆమె ఫోన్లో చూశాను. సినిమావి సగమే. మిగతావి యూట్యూబ్ జానపదాలు, 'రాను బొంబాయికి రాను' అన్నిటికన్నా పైన. ఒక భక్తి పాట, ఒక కొరియన్ పాట, ఐపీఎల్ స్టేడియంలో వినిపించే బూర మోత కూడా ఉంది. ఉప్పల్ స్టేడియం పక్కనే ఉంది మరి. ఆ బూరను కొట్టేయలేదు ఆమె. నాలుగైదు స్వరాలే కదా, రాయడం దానితోనే మొదలుపెడతానన్నారు. ఒక్క కీబోర్డు దగ్గర యాభై మంది తోసుకుంటున్నారని రెండోది అడిగారు. వార్షికోత్సవం అయ్యాక చూద్దామన్నారట స్కూలువాళ్లు.